బుడమేరు వచ్చి పోయాక మా బాత్రూమ్

బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి మొదట వచ్చింది వీధి గేటులోంచి కాదు, బాత్రూమ్ నేలలో నీళ్లు పోయే జాలీలోంచి. 2024 సెప్టెంబరు 1, ఆదివారం పొద్దున. ముందురోజంతా వాన ఎడతెరిపి లేకుండా కురిసింది. మాది విజయవాడ సింగ్‌నగర్. మొహం కడుక్కోవడానికి వెళ్లిన మా అత్తయ్య, "అమ్మాయ్, నీళ్లు పోవడం లేదు, పైకొస్తున్నాయి" అని కేకేసింది. వెళ్లి చూస్తే జాలీలోంచి నల్లటి నీళ్లు బుడగలతో తన్నుకొస్తున్నాయి. కమోడ్‌లో నీళ్లు అంచుదాకా లేచాయి. అప్పటికి వీధిలో ఇంకా పాదాలు మునిగేంతే ఉన్నాయి. మా ఆయన గోనెసంచి మడిచి జాలీ మీద వేసి పైన పొత్రం పెట్టారు. ఆగలేదు. కాసేపటికి వీధి నీళ్లు కూడా గడప దాటి వచ్చాయి.

అత్తయ్యకు డెబ్బై నాలుగేళ్లు. అంతకు ముందు ఏడు తుంటి ఎముక విరిగి ఆపరేషనైంది. ఇంట్లో వాకర్ పట్టుకుని తిరుగుతుంది గానీ మెట్లెక్కలేదు. మా ఆయనా, పక్కింటి కుర్రాడూ ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కుర్చీతో సహా మేడమీదికి మోశారు. నేను మందుల డబ్బా, ఇంటి కాగితాలు, మా అమ్మాయి సర్టిఫికెట్లు పట్టుకుని వెనకాలే ఎక్కాను. పై వాటాలో అద్దెకుంటున్నవాళ్లు మారు మాట్లాడకుండా తలుపు తీసి లోపలికి తీసుకెళ్లారు. కాస్త కుదుటపడ్డాక అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కట్టుడుపళ్లు కిందే ఉండిపోయాయి. రాత్రిపూట తీసి డబ్బాలో వేసి, వాష్‌బేసిన్ కింద కేబినెట్ సొరుగులో పెట్టుకోవడం ఆమె అలవాటు. మా ఆయన మళ్లీ దిగబోయారు. మెట్ల మొదట్లోనే నడుముదాకా నీళ్లు, పైగా కరెంటు భయం. మేమే వెళ్లనివ్వలేదు.

బుడమేరును బెజవాడ దుఃఖదాయిని అంటారని అందరం ఎప్పటినుంచో వింటున్నదే. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే వాగు అది. వరద ఎక్కువైతే వెలగలేరు దగ్గర మళ్లింపు కాలువలోకి వదిలి కృష్ణలోకి పంపుతారు. ఈసారి కృష్ణే నిండి ఉంది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. ఆ బ్యారేజీ కట్టాక అంత నీరు ఎన్నడూ రాలేదు. మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. ఆ నీళ్లన్నీ సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట మీద పడ్డాయి. సైన్యం కూడా వచ్చి చెయ్యేస్తే గానీ గండ్లు పూడలేదు. అప్పటిదాకా మా వీధిలో పడవలు తిరిగాయి.

ఆ రోజుల గురించి పేపర్లలో, టీవీల్లో చాలా వచ్చింది. పడవల మీద పులిహోర పొట్లాలు, డ్రోన్లతో మేడలమీదికి దించిన మంచినీళ్ల సీసాలు అందరూ చూశారు. ఎవరూ పెద్దగా మాట్లాడనిది బాత్రూమ్ సంగతి. మోటారు మునిగిపోయింది, కరెంటు లేదు. మిద్దె మీద ట్యాంకులో ఉన్న నీళ్లు రెండు కుటుంబాలకు ఎంతసేపు వస్తాయి? తాడు కట్టిన బకెట్‌తో వరద నీళ్లే తోడి కమోడ్‌లో పోసేవాళ్లం. పైన పోసింది పైపులో దిగి, కింద మునిగి ఉన్న మా ఇంటి చాంబర్‌లోంచి ఆ నీళ్లలోనే కలిసేదని తెలుసు. తెలిసీ పోశాం. ఇంకో దారి లేదు.

మా అమ్మాయికి సరిగ్గా అప్పుడే నెలసరి వచ్చింది. పైవాళ్లావిడ దగ్గరున్న ప్యాడ్లు ఇద్దరూ పంచుకున్నారు. వాడినవి ఎక్కడ పారేయాలో తెలియక కవర్లో కట్టి పిట్టగోడ మూల పెట్టారు. మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని ఆడవాళ్లం నీళ్లు తాగడం మానేశాం. అత్తయ్య అన్నం కూడా మానేయబోయింది. పళ్లు లేక పులిహోర మెతుకులు నమల్లేకపోయేది. వాటిని మంచినీళ్లలో నానబెట్టి, చేత్తో మెదిపి నోట్లో పెడితే రెండు ముద్దలు తిని చాలనేది. "తింటే మళ్లీ వెళ్లాలిగా, మీకెందుకమ్మా ఈ పాట్లు" అనేది. తుంటి ఆపరేషన్ అయిన మనిషిని ఇద్దరం పట్టుకుని, తడి నేలమీద, చీకట్లో, పట్టుకోవడానికి ఏ ఆసరా లేని బాత్రూమ్‌లో కూర్చోబెట్టి లేపడం ఎంత భయమో చేసినవాళ్లకే తెలుస్తుంది. ఇంత చదువుకున్న ఊళ్లో, ఇంత పెద్ద మేడల మధ్య, ఒక ముసలమ్మ కాలకృత్యాలకు భయపడి కడుపు మాడ్చుకుంది. నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వనిది ఆ సంగతే.

నీళ్లు తీశాక కిందికి దిగాం. నేలమీద మడమలు దిగబడేంత బురద. ఫైరింజన్లు వీధి వీధికీ వచ్చి గొట్టాలతో బురద కొట్టి పంపాయి. లోపలి గోడలన్నిటి మీదా ఒకే ఎత్తున నల్లటి గీత. టేపు పెట్టి కొలిస్తే నేల నుంచి నాలుగున్నర అడుగులు. మంచాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, అమ్మాయి పుస్తకాలు అన్నీ ఆ గీత కిందే.

బాత్రూమ్‌లో వాష్‌బేసిన్ కింద కేబినెట్ గోడమీదే ఉంది, గుర్తుపట్టలేనట్టు ఉబ్బిపోయింది. షటర్ మీది తెల్లటి షీటు అంచుల దగ్గర విడిపోయి వెనక్కి చుట్టుకుంది. లోపలి చెక్క పాలలో ముంచిన రస్కులా ఉబ్బింది. వేలితో నొక్కితే గుంట పడింది. సొరుగు రాలేదు. మా ఆయన గునపంతో పెకలిస్తే ముందు పలక ముక్కలై ఊడింది, లోపల బురద. ఆ బురదలో అత్తయ్య పళ్ల డబ్బా. కడిగి, వేణ్నీళ్లలో మరిగించి ఇచ్చాం. అత్తయ్య చేతిలోకి తీసుకుని చూసి మళ్లీ డబ్బాలో పెట్టేసింది. నోట్లో పెట్టుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. కొత్త పళ్లు కట్టించేదాకా జావ, మెత్తటి పప్పన్నంతోనే గడిపింది.

ఆ కేబినెట్ ఒక మాడ్యులర్ కంపెనీ బిగించింది. అమ్మినప్పుడు వాటర్‌ప్రూఫ్ అన్నారు, కాగితం మీద కూడా అదే మాట రాసిచ్చారు. పగిలిన చోట చూస్తే లోపలున్నది ఎం.డి.ఎఫ్. కలప పీచును జిగురుతో అదిమి చేసే పలక అది. పైషీటు తడిని ఆపుతుంది గానీ, కోసిన అంచులోంచి, స్క్రూ రంధ్రాల్లోంచి నీళ్లు పోతే పీచు పీల్చుకుంటుంది. ఒకసారి ఉబ్బితే ఆరినా మళ్లీ పాత రూపానికి రాదు. కంపెనీకి ఫోన్ చేస్తే వరద నష్టం వారంటీలోకి రాదన్నారు. వరద రాకముందే కింది అంచులు లేచిన సంగతి చెప్పినా వినలేదు. వాటర్‌ప్రూఫ్ అనే మాటను పైషీటు గురించి వాడి, లోపల పలక గురించి చెప్పకపోవడం మోసమే.

బాత్రూమ్ పక్కనే, గిన్నెలు తోముకునే చోట మా మామయ్య ఇల్లు కట్టినప్పుడు వేయించిన కడప రాయి అరలు ఉన్నాయి. గోడలోకి దింపి సిమెంటుతో కట్టిన నల్లటి పలకలు. ఫ్యాషన్ కాదని ఎప్పుడో తీసేద్దామనుకున్నవి. చీపురుతో రుద్ది నీళ్లు కొడితే ఎప్పటిలాగే తేలాయి. మాకు దారి చూపించింది ఆ అరలే.

కింది వాటా మునిగిన ఇళ్లకు ప్రభుత్వం 25,000 రూపాయలు ఇచ్చింది. అందింది, ఆదుకుంది. కానీ మంచాలు, పరుపులు, ఫ్రిజ్ రిపేరు, కరెంటు పని, ఏది ముందు? బంధువులంతా హాలు, వంటిల్లు ముందు బాగుచేసుకోమన్నారు. బాత్రూమ్‌దేముంది, పైవాళ్లది వాడుకోవచ్చు కదా అన్నారు. అత్తయ్య ఎక్కలేదు. ఆమెకోసం కమోడ్ కుర్చీ కొని హాల్లో ఒక మూల చీర కట్టి దాని వెనక పెట్టాం. ఇంటికి పలకరింపుకి వచ్చినవాళ్లు హాల్లో కూర్చున్నంతసేపూ ఆమె కదిలేది కాదు. ఒకరోజు అలాగే ఉగ్గబట్టుకుని చివరికి బట్టల్లోనే అయిపోయింది. ఆ పూట ఆమె ఏడ్చిన ఏడుపు విన్నాక మా ఆయన, "ముందు బాత్రూమే. మిగతావన్నీ తర్వాత" అన్నారు.

ఆ తర్వాత మొదలైంది రెండో కష్టం. ఏ కేబినెట్, ఏ పలక, ఎక్కడ? ఒక్క సింగ్‌నగర్‌లోనే ఎన్ని వేల ఇళ్లకు ఒకేసారి పనివాళ్లు కావాల్సి వచ్చింది! వడ్రంగులు, ప్లంబర్లు దొరకలేదు. దొరికినవాళ్ల కూలి పెరిగింది. షాపుల్లో ఎవరిని అడిగినా అన్నీ వాటర్‌ప్రూఫే. ఆ మాట వింటేనే ఒళ్లు మండేది. మాకు చివరికి కుదిరిన మేస్త్రి, వయసులో పెద్దాయన, ఒకటే అన్నాడు. "అమ్మా, గోడమీద గీత ఉందిగా. దాన్ని తుడిచెయ్యకండి. గీత కింద ఒక పని, గీత పైన ఒక పని చేద్దాం."

ఈ మాటతో మా చిక్కు చాలావరకు విడిపోయింది. గీత కింద పెట్టేది ఏదైనా వారం పది రోజులు మురికి నీళ్లలో ఉండి, కడిగితే మళ్లీ పనికిరావాలి. రాయి, టైలు, స్టీలు, ప్లాస్టిక్ తప్ప వేరేది అక్కడ వద్దు. చెక్క పని కావాలనుకుంటే గీత పైన. మళ్లీ దొరకనివి, మనిషికి రోజూ తప్పనివి గీత పైకి వెళ్లాలి, లేదా చిటికెలో తీసి పైకి మోసుకెళ్లేలా ఉండాలి.

పలకల సంగతి తేల్చుకోవడానికి మేస్త్రి తన దగ్గరున్న ముక్కలు తెచ్చాడు. ఎం.డి.ఎఫ్., హెచ్.డి.హెచ్.ఎం.ఆర్., మామూలు ఎం.ఆర్. ప్లైవుడ్, 710 ప్లైవుడ్, పి.వి.సి. ఫోమ్ బోర్డు, తలా అరచేయంత ముక్క. వాటి మందం పెన్సిల్‌తో వాటిమీదే రాసి, పాత బకెట్‌లో నీళ్లు పోసి, తేలకుండా పైన ఇటుక పెట్టి వదిలేశాం. మర్నాటికే ఎం.డి.ఎఫ్. అంచు ఉబ్బింది. కొన్నాళ్లకు ఎం.ఆర్. ప్లైవుడ్ పొరలు మూలల్లో విడిపోయి గోరు దూరేంత సందు పడింది. హెచ్.డి.హెచ్.ఎం.ఆర్. చాలావరకు ఓర్చుకుంది గానీ కోసిన అంచు గరుకెక్కి కాస్త లేచింది. అది చెమ్మను తట్టుకునే పలకే, మునకను తట్టుకునేది కాదు. 710 ప్లైవుడ్ రంగు మారింది, పొర విడలేదు. ఫోమ్ బోర్డు తీసి తుడిస్తే వేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఏ సేల్స్‌మన్ మాటా ఆ బకెట్ చెప్పినంత స్పష్టంగా మాకు చెప్పలేదు.

ఆ నంబర్ల వెనక సంగతి మేస్త్రే చెప్పాడు. ప్లైవుడ్ మీద ఐ.ఎస్.ఐ. గుర్తు పైన ఐ.ఎస్. 710 అని ఉంటే అది మెరైన్ రకం. దాని జిగురు నీళ్లలో 72 గంటలు ఉడికించినా పట్టు వదలకూడదని నిబంధన. ఐ.ఎస్. 303 కింద వచ్చే ఎం.ఆర్. రకం హాల్లో సామానుకి సరిపోతుంది, బాత్రూమ్‌కి చాలదు. గుర్తు కింద సి.ఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఫోన్‌లో బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఎవరిదో, నడుస్తున్నదో లేదో తెలుస్తుంది. మేము కొట్టి చూశాకే కొన్నాం. పి.వి.సి. బోర్డుకు నీళ్ల భయం, చెదల భయం లేవు గానీ, దానికి స్క్రూ పట్టు ప్లైవుడ్‌కు ఉన్నంత ఉండదు. బరువు మోసే తలుపుకు, పొడవాటి అరకు అది వంగుతుంది. గీజర్ వేడి తగిలేచోట పెట్టకూడదు. చిన్న పెట్టెలకు మేలు.

స్టీలు దగ్గర కూడా మోసపోయే చోటు ఉంది. పాత కేబినెట్ కీళ్లు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. మెల్లగా మూసుకునే కీళ్లయితే లోపల బురద చేరి ఇక కదల్లేదు. కొత్తవి కొనేటప్పుడు షాపతను అయస్కాంతం పెట్టి, "అంటుకోలేదు చూశారా, మంచి స్టీలు" అన్నాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. 304 రకానికీ అంటుకోదు, చవకరకమైన 202కీ అంటుకోదు. తడిలో 202 ముందు తుప్పు పడుతుంది. సరుకు మీద 304 అని అచ్చు ఉందో లేదో చూసి, బిల్లు మీద కూడా 304 అని రాయించుకోమన్నాడు. రాయించుకున్నాం.

సరుకు వచ్చింది. బిగించడానికి గోడలు ఒప్పుకోలేదు. పైకి పొడిగా కనిపించేవి. చెయ్యి పెడితే చల్లగా తగిలేవి. పాత టైళ్లు తీసేసరికి ప్లాస్టరింగ్ మీద తెల్లటి ఉప్పు పూత పూసింది. మేస్త్రి ఒక పాలిథీన్ కవరు చించి, జానెడు ముక్క గోడకు ఆనించి నాలుగు వైపులా టేపు అంటించాడు. మర్నాడు చూస్తే కవరు లోపలివైపు చెమట బిందువులు. గోడ ఇంకా నీళ్లు వదులుతోందన్నమాట. అప్పుడే టైలు వేసినా, చెక్క బిగించినా ఆ తడి లోపలే ఉండి వెనకనుంచి తినేస్తుంది. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది. ఫ్యాన్లు పెట్టాం, కిటికీలు తెరిచిపెట్టాం, వారం వారం కవరు అంటించి చూశాం. అన్ని వారాలూ అత్తయ్య చీర తెర వెనకే. ఈ మొత్తంలో నేను మోసిన అసలు బరువు ఆ ఎదురుచూపు. రోజూ ఆమె అడిగేది, "ఇవాళ ఆరిందా అమ్మాయ్?" అని. కవరు లోపల పొడిగా కనిపించిన రోజు మొదట ఆమెనే పిలిచి చూపించాను.

ఇక అమరిక. మా బాత్రూమ్ ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. పాత కేబినెట్ ఇరవై రెండంగుళాలు ముందుకు వచ్చి ఉండేది. వాకర్ దాని మూలకు తగిలేది, షటర్ తెరిస్తే మనిషి వెనక్కి జరగాల్సి వచ్చేది. నేలమీద ముగ్గుపిండితో కొలతలు గీసి, అత్తయ్యను వాకర్‌తో నడిపించి చూశాం. ఎక్కడ తిరుగుతుంది, ఎక్కడ చెయ్యి చాస్తుంది, ఎక్కడ తడబడుతుంది అన్నది ఆమె నడిస్తేనే తెలిసింది. అద్దం పక్కనుంచి కమోడ్ వైపు తిరిగేటప్పుడు ప్రతిసారీ ఎడమచెయ్యి గోడకు వేసింది. సరిగ్గా అక్కడ పట్టుకోవడానికి స్టీలు కడ్డీ రావాలని పెన్సిల్‌తో గుర్తుపెట్టాం. అది తువ్వాలు వేలాడదీసే గొట్టం కాదు, మనిషి బరువంతా ఆపాలి. అందుకని అక్కడి గోడను టైలు వేయకముందే తవ్వి, ఇటుక బదులు కాంక్రీటు నింపి, దానిలోకి యాంకర్ బోల్టులు దించారు. నాలుగున్నర అంగుళాల గోడమీద టైలుకు మాత్రమే స్క్రూ బిగిస్తే ఊడి చేతిలోకి వస్తుంది.

బేసిన్ కింద తలుపులున్న కేబినెట్ పూర్తిగా మానేశాం. లోతు పద్దెనిమిదంగుళాలకు తగ్గించి, గ్రానైట్ పలక మీద బేసిన్ కూర్చోబెట్టి, కింద ఒక పక్కన మాత్రం రెండు కడప రాయి అరలు కట్టించాం. అరలకు తలుపు లేదు. బకెట్, మగ్గు, బ్రష్షులు, ఫినాయిలు అక్కడ. మిగతా సగం ఖాళీ. అత్తయ్య స్టూలు వేసుకుని, మోకాళ్లు కిందికి పోనిచ్చి, కూర్చునే మొహం కడుక్కుంటుంది. పైపులు ఎదురుగా కనిపిస్తాయి, చుక్క కారినా వెంటనే తెలుస్తుంది. కడప రాయికి ఒక్కటే జాగ్రత్త. అది సున్నపురాయి జాతి కాబట్టి యాసిడ్ తగిలితే పై నునుపు పోయి తెల్లబడుతుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్ ఆ గదిలో వాడొద్దని పనమ్మాయికి చెప్పాను.

గీత పైన 710 ప్లైవుడ్‌తో గోడ కేబినెట్ చేయించాం. వెనకవైపూ షీటు, అన్ని అంచులకూ బ్యాండింగ్, స్క్రూ రంధ్రాల్లో సిలికాన్. తువ్వాళ్లు, ప్యాడ్లు, డ్రెస్సింగ్ సామాను అందులో. అత్తయ్యకు అంత ఎత్తు అందదు. ఆమె పళ్ల డబ్బా, నూనె, దువ్వెన, మాత్రలు ఛాతీ ఎత్తున ఉండాలి. అంటే గీత కింద. అందుకు మేస్త్రి ఫోమ్ బోర్డుతో చిన్న పెట్టె చేశాడు. గోడకు ఒక స్టీలు పట్టీ, పెట్టె వెనక దానికి తగిలే ఇంకో పట్టీ. రెండు చేతులతో పైకి లేపితే పెట్టె మొత్తం ఊడి వస్తుంది. తలుపుకు చిన్న గొళ్లెం ఉంది, మోసేటప్పుడు ఏదీ జారదు. మా అమ్మాయి దాన్ని ఒక్కతే మేడమీదికి మోసి చూపించింది.

అమ్మాయికి ఫోన్‌లో చూసిన నిలువు గీతల షటర్లు, నల్లటి మెరుపు షీటు కావాలని ఉండేది. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, నల్లదాని మీద ప్రతి చుక్కా తెల్ల మచ్చ అవుతుంది. గీతల సందుల్లో సబ్బు, మురికి చేరితే తుడవలేం. లేత బూడిద రంగు, మెరుపు లేని నున్నటి షీటు తీసుకున్నాం. లైటున్న అద్దం మాత్రం ఆమె కోరినట్టే పెట్టించాను. ఆ పిల్లా చాలా పోగొట్టుకుంది.

ఇక నీళ్లు వచ్చిన అసలు దారి. మురుగు పైపు వీధిలోకి వెళ్లేచోట నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించాం. బయటి నీళ్లు వెనక్కి తన్నితే లోపలి రెక్క మూసుకుంటుంది. మూసుకున్నంతసేపూ మన ఇంటి నీళ్లూ బయటికి పోవు కాబట్టి అప్పుడు వాడకం ఆపాలి. రెక్కలో చెత్త ఇరుక్కుంటే సరిగ్గా మూసుకోదు, వానాకాలానికి ముందు తెరిచి కడగాలి. గడపమీదుగా వచ్చే వరదను అది ఆపదు. మురుగు ముందుగా మీదపడకుండా కాస్త వ్యవధి ఇస్తుంది, ముసలివాళ్లను మేడెక్కించడానికి ఆ వ్యవధి చాలా అవసరం. స్విచ్‌బోర్డులు, గీజర్ ప్లగ్గు గీత పైకి మార్చాం. మీటరు దగ్గర 30 మిల్లీయాంపుల ఆర్.సి.సి.బి. పెట్టించి, పై వాటా లైను విడదీయించాం. కింద మునిగినా పైన లైటు వెలగాలి.

తలుపు లోపలికి తెరుచుకునేది, ఇప్పుడు బయటికి తెరుచుకుంటుంది. లోపల మనిషి పడితే తలుపు అడ్డం కాకూడదని అలా మార్చాం. సంక్రాంతి నాటికి అత్తయ్య ఆ గదిలో ఒంటరిగా, తలుపు వేసుకుని, తలంటు పోసుకుంది. బయట నేను నిలబడే ఉన్నాను, పిలవలేదు.

బుడమేరు పక్కన ఉన్నవాళ్లకే కాదు, ఏ వాగు, ఏ చెరువు కింద ఇల్లున్నా నా మాట వినండి. బాత్రూమ్‌ని చివరికి నెట్టకండి, ఇంట్లో ముసలివాళ్లు, ఆడపిల్లలు ఉంటే అదే మొదటి గది. గోడమీద నీటి గీతను తుడిచేముందు కొలిచి రాసుకోండి. వాటర్‌ప్రూఫ్ అనే మాటకు డబ్బు ఇవ్వకండి, పలక పేరు, ఐ.ఎస్. నంబరు బిల్లు మీద రాయించుకుని, ఒక ముక్క అడిగి తెచ్చి బకెట్‌లో వేసి చూడండి. గోడ ఆరేదాకా ఏదీ బిగించనివ్వకండి, ఎవరు తొందరపెట్టినా సరే. గీసిన కొలతల మధ్య ఇంట్లో అందరికన్నా బలహీనమైన మనిషిని నడిపించండి. ఆ మనిషికి కుదిరింది అందరికీ కుదురుతుంది.